షరాబు ముద్రలు పడిన రూపాయలు



నా యెదుట ఒక తాండూరు బండ యున్నది. నా చేతిలో ఒక వెండి రూపాయి యున్నది. దానిని ఆ బండపై జారవిడుచుచున్నాను, వినుడు. మంచి వెండి గంటవలె సాగి మ్రోగును. లోపల రాగి పెట్టి పైన వెండి పూసిన బిళ్ళ 'టక్కు'మని యూరకుండును. ఒకానొక కాలమున మన పల్లెలలో చేతులు మారిన రూపాయలలో ననేకము ఇట్లే షరాబు అరుగుమీద మ్రోగి, అతని చెవికి సమాధానము చెప్పుకొనవలసి యుండెను. ఆ పరీక్షలో నిలిచిన రూపాయిపై షరాబు వేసిన చిన్న గుర్తును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ఈ రూపాయి నాకు తాండూరు బజారులో నొక కంసాలి దుకాణమున లభించినది. కరగించుటకై పళ్ళెములో పోసిన పాత కడియముల నడుమ ఇది యుండెను. నేను దీనిని చేతికి తీసికొనగా ఆ కంసాలి నవ్వి, "గది దెబ్బలు తిన్న బిళ్ళ, అయ్యా. చెల్లని రూకకు గీతలు మెండంటరు గద! మంచిది సూపిస్త, అది తీస్కోండ్రి" అనెను. నేను తూకపు వెల యిచ్చి ఆ దెబ్బలు తిన్నదానినే తెచ్చుకొంటిని. ఆ సామెత నిజమా, కాదా యని నాటినుండి ఆలోచించుచున్నాను.

ముందుగా రూపాయి రూపమును చెప్పెదను. ఇది నిజాము ప్రభుత్వపు రూపాయి. యంత్రముతో అచ్చొత్తినది కాదు, సుత్తితో కొట్టి తయారుచేసినది. అందుచేత అంచులు సమముగా లేవు, పారసీకాక్షరములు సగము బిళ్ళమీద పడి సగము వెలుపలికి పోయినవి. ఒక ప్రక్క 92 అను అంకె కానవచ్చుచున్నది. మహమ్మదు అను నామమునందలి అక్షరములకు అబ్జదు లెక్కప్రకారము వచ్చు సంఖ్య యిది. 1857 వరకు హైదరాబాదు నాణెములు ఢిల్లీ పాదుషా పేరిటనే వెలువడుచుండెను. ఆ పాదుషాహీ అంతరించిన పిమ్మట 1858 నుండి ఆసఫ్ జాహీ పేరును, ఈ 92 అంకెయు నాణెములపైకి వచ్చినవి. కావున ఈ రూపాయి ఆ తరువాతిదని నిశ్చయముగా చెప్పవచ్చును.

ఇంతవరకు రాజముద్ర. దానిమీద వేరుగా ఏడు చిన్న గుర్తులు గుచ్చబడియున్నవి. ఒకటి ఆరు రేకుల పువ్వు, ఒకటి నెలవంక, రెండు నక్షత్రములు, ఒకటి నాగరి అక్షరమును బోలినది, తక్కిన రెండు వట్టి చుక్కలు. ఇవి రాజు వేయించినవి కావు. ఈ రూపాయి ఎవరెవరి చేతులమీదుగా నడచినదో ఆ షరాబులు వేసినవి.

షరాబు పరీక్ష నాలుగు విధములుగా నుండెడిది. మొదట మ్రోగించి వినుట. రెండవది చిన్న త్రాసులో తూచుట. అంచులు గీకి వెండి దొంగిలించినయెడల తూకము తగ్గును. మూడవది ఒరగల్లుపై గీచి వన్నె చూచుట. నాలుగవది ఉక్కు పోగరుతో నాణెముపై నొక పోటు పొడిచి, లోపలి లోహమును కనులార చూచుట. ఈ నాలుగవ పరీక్షకు వాడు పోగరు కొననే పువ్వుగానో, చుక్కగానో, అక్షరముగానో చెక్కించుకొనిన, ఒక్క దెబ్బతో రెండు పనులు నెరవేరును. లోహము బయటపడును, పరీక్షించినవాని గుర్తును నిలుచును. ఆ రూపాయి తిరిగి అతని యొద్దకు వచ్చినప్పుడు మరల పరీక్షింపనక్కరలేదు. ఆ గుర్తు నెరిగిన పొరుగూరి వర్తకుడును దానిని నమ్మి పుచ్చుకొనును.

ఈ యాచారము మనకే చెందినదని తలపవలదు. వెండి ఏ దేశమున చెలామణియైనను అక్కడ దానిని శంకించువాడును, దానికి పూచీ పడువాడును ఉండిరి. అమెరికా దేశము చూడుడు. అక్కడి సంయుక్త రాష్ట్రములు 1792 లో టంకశాల చట్టమును చేసికొని, 1794 లో తమ మొదటి వెండి డాలర్లను ముద్రించినవి. ఆ మొదటి సంవత్సరమున వెలువడినవి 1,758 మాత్రమే. ఇంత కొద్ది నాణెములతో వ్యాపారము సాగునా? అందుచేత మెక్సికో, పెరూ దేశములనుండి వచ్చిన స్పెయిను డాలర్లే అక్కడి బజారులలో నడచినవి. 1857 వరకు ఆ పరదేశపు నాణెములు అక్కడ చట్టసమ్మతముగా చెల్లినవి. అక్కడి వెండిపనివారు, వైద్యులు, దుకాణదారులు డాలర్లపైనను అర్ధడాలర్లపైనను తమ పేళ్ళను గుచ్చిరి. బాల్టిమోరు నగరమున హౌక్ అను మందుల వర్తకుడు సర్వరోగహరమని ఒక మందు నమ్ముచు, 1830 ప్రాంతమున తన మందు పేరును, ఊరి పేరును వెండి అర్ధడాలర్లపై కొట్టించి ప్రజలలోనికి వదలెను. ఆ నాణెము ఎన్ని చేతులు మారిన అన్ని యిండ్లకు అతని ప్రకటన ఖర్చు లేకుండ ప్రవేశించెను. నేడు ఆ దేశమున ఇట్టి నాణెములను ప్రత్యేకముగా సేకరించువారు కలరు, వానికి పట్టికలు వ్రాసినవారును కలరు.

అదే అమెరికా 1873 నుండి 1878 వరకు చీనా వ్యాపారమునకై ఒక పెద్ద వెండి డాలరును చెలామణికి ముద్రించెను. మన ఇంగ్లీషు రూపాయి 180 గ్రెయిన్ల తూకము కాగా ఆ వర్తకపు డాలరు 420 గ్రెయిన్లు. అది చీనాకు చేరగానే అక్కడి వర్తకులు మన షరాబులవలెనే దానిని పరీక్షించి తమ అక్షరములను గుచ్చిరి. కొన్ని డాలర్లపై అచ్చొత్తిన బొమ్మ గుర్తుపట్టలేనంతగా ఈ పోట్లు పడినవి.

ఆ దూరదేశపు వెండికి మన దేశముతోను సంబంధము కలదు. 1784 డిసెంబరులో ఫిలడెల్ఫియానుండి బయలుదేరిన అమెరికా యోడ యొకటి పుదుచ్చేరి రేవు చేరినది. పిమ్మట అమెరికా నావలు మన రేవులలో గుడ్డలు మొదలగు సరకులు కొనుటకు ముఖ్యముగా వెండి డాలర్లనే తెచ్చెడివి. ఆ డాలర్లు మన టంకశాలలలో కరగి రూపాయలైనవి. కనుక మన యిండ్లలోని పాత రూపాయలలో మెక్సికో గనుల వెండియు కొంత కలిసియుండుట వింత కాదు.

ఇంకను వెనుకకు పోదము. నల్లగొండ జిల్లాలోని అక్కెనపల్లి గ్రామమున 1,500 కు పైగా రోమను వెండి నాణెములు ఒక్కచోట దొరకినవి. అవి అగస్టసు, టైబీరియసు చక్రవర్తుల కాలమునాటివి, అనగా రెండువేల యేండ్ల క్రిందటివి. వానిలో పెక్కింటిపై రోములో ముద్రించిన బొమ్మలకు తోడు, తరువాత గుచ్చిన చిన్న చిన్న గుర్తులు కలవు. అంతకంటె పూర్వపువైన మన విద్ధాంక నాణెముల మాట యేమి? ఆ పేరునకే 'పోటు ముద్రలు పడినవి' యని యర్థము. ముందు ప్రక్క ఐదు ముద్రలును, వెనుక ప్రక్క కొన్ని చిన్న గుర్తులును ఉండును. ఆ వెనుకటి చిన్న గుర్తులు పరీక్షించిన వర్తకులవే యని కొందరు పండితుల యభిప్రాయము. పరదేశపు వెండినైనను స్వదేశపు వెండినైనను మన తెలుగునేల పరీక్షింపక పుచ్చుకొనలేదని దీనివలన తేలుచున్నది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. నిజాము రాజ్యమున షరాబునకు అంత పని యేల కలిగెను? టంకశాల యొక్కటి కాకపోవుటయే కారణము. హైదరాబాదు టంకశాలకు తోడు సంస్థానాధీశులును, సాహుకార్లును నడపిన టంకశాలలు కలవు. గద్వాలలో నొకటి. వనపర్తి సంస్థానమున నొకటి. తాండూరునకు దక్షిణమున నున్న నారాయణపేటలో నొకటి. అక్కడి రూపాయలపై దిల్‌షాదాబాదు అను పేరు కానవచ్చును. ఔరంగాబాదులో పెస్తన్‌జీ అను పారశీ సాహుకారు పేరిట పెస్తన్‌షాహీ రూపాయలు వెలువడినవి. అన్నిటికిని పేరు రూపాయియే, కాని అన్నిటిలోను వెండి యొక్క తీరుగా లేదు. నారాయణపేట నుండి ఎద్దులమీద నూలు, గుడ్డ తెచ్చిన వర్తకుడొక రూపాయి తెచ్చును, గుల్బర్గా వైపునుండి ధాన్యము కొన వచ్చినవాడు మరియొకటి తెచ్చును. తాండూరు వంటి సరిహద్దు సంతలో ఇన్ని విధముల రూపాయలు కలిసినప్పుడు, ఏది యెంతకు చెల్లునో చెప్పగలవాడు షరాబు ఒక్కడే.

ఆ చెప్పుటకు అతడు పుచ్చుకొను తరుగునే వట్టము అనిరి. ఇందొక ధర్మసూక్ష్మము కలదు. నూటికి రెండు రూపాయల వట్టమనుకొనుడు. రైతు తన కందులను ఒక విధమైన రూపాయలకు అమ్మెను. శిస్తు మరియొక విధమైన రూపాయలలో చెల్లింపవలెను. ఏబది రూపాయల శిస్తు కట్టవలసిన రైతు ఏబదియొక్క రూపాయలతో షరాబు నాశ్రయింపవలసి వచ్చును. వాన కురిసినను కురియకున్నను ఆ యొక్క రూపాయి పోవలసినదే. ఇంతేకాదు. పోట్లు పడినకొలది నాణెము అరుగును, తూకము తగ్గును. తగ్గిన తూకమునకు మరల వట్టము. తన పోగరుతో తానే అరగదీసిన నాణెమునకు షరాబు తానే తరుగు పట్టినట్లయ్యెను. నాణెముపై ముద్ర రాజుది, దాని నమ్మకము షరాబుది, దాని నష్టము మాత్రము రైతుది. ఈ గుర్తులను చూచి మురియునప్పుడు ఈ సంగతిని మరువరాదు.

అట్లని షరాబును వట్టి దోపిడికానిగా చెప్పుటయు న్యాయము కాదు. దొంగ నాణెము చేతబడిన పేదవానికి ఒక్క రూపాయి యనగా ఎన్నో దినముల కూలి. రాజముద్ర మోసమును ఆపజాలనప్పుడు, ఊరిలో అందరెరిగిన ఒక మనిషి "దీనికి నేను పూచీ" యని వేసిన పువ్వుగుర్తు ఆ పేదవానిని కాపాడెను. ఒకే గుర్తులో ఉపకారమును, భారమును రెండును ఇమిడియుండెను.

ఈ చిక్కును విడదీయుటకు పూనుకొన్నవాడు మొదటి సాలార్ జంగు. ఆయన 1853 నుండి 1883 వరకు దివానుగా నుండి, జిల్లాలలోని టంకశాలలను మూయించి, నాణెముల ముద్రణమును హైదరాబాదునకు చేర్చెను. అట్లు నిలిచిన రూపాయికే హాలీ సిక్కా యని పేరు. హాలీ యనగా ప్రస్తుతము చెల్లునది. ఆయన కాలముననే 1874 లో సికింద్రాబాదునుండి వాడి వరకు రైలుమార్గము తెరువబడెను. అది వికారాబాదు, తాండూరుల మీదుగా పోయి బొంబాయి మార్గమును కలిసినది. దానితో ఇంగ్లీషువారి రూపాయి, అనగా కల్దారు, బండ్లకొలది మన సంతలలోనికి వచ్చుటకు దారి యేర్పడెను. కల్దారు 1835 చట్టము ననుసరించి యంత్రముపై అచ్చొత్తినది. తూకమొక్కటే, వన్నె యొక్కటే, అంచున గాట్లు. గీకిన వెంటనే తెలియును. దానికి షరాబు పోటు అవసరము లేకపోయెను.

హైదరాబాదులోను 1903 లో సైఫాబాదునందు యంత్రముల టంకశాల వెలసెను. ఆ కాలముననే మహబూబ్ అలీ ఖాను పేరిట చార్మినారు బొమ్మ గల రూపాయి వచ్చెను. దాని తూకము 11.178 గ్రాములు, అందు వెయ్యింట 818 పాళ్ళు వెండి. కల్దారు తూకము 11.66 గ్రాములు, అందు పండ్రెండింట పదునొకండు పాళ్ళు వెండి. లెక్క వేసి చూడుడు. హాలీలో శుద్ధమైన వెండి సుమారు 9.14 గ్రాములు, కల్దారులో సుమారు 10.69 గ్రాములు. ఏడు హాలీలలోని వెండియు, ఆరు కల్దారులలోని వెండియు ఇంచుమించు సమానమగును. ఏడు హాలీలకు ఆరు కల్దారులను మారకమును మీ తండ్రులును తాతలును నోటిలెక్కగా చెప్పెడివారు కదా! అది ఊరక పెట్టిన ధర కాదు, వెండి చెప్పిన ధర. అంతకుముందు షరాబు చేతిలో నున్న లెక్క ఇట్లు అందరి నోటిలోని లెక్కయైనది. 1950 నుండి భారత రూపాయి హాలీతో కలిసి నడచినది. 1959 నాటికి హాలీ చెలామణి పూర్తిగా ముగిసినది.

చెలామణి ముగిసినంతమాత్రమున నాణెములు నశింపలేదు. అవి మన యిండ్లలో ముంతలలోను, దేవుని పెట్టెలలోను చేరినవి. కొక్కెములతికి మెడలోని పేరులైనవి. మన తండాలలోని లంబాడీ స్త్రీలు రూపాయలను, అర్ధరూపాయలను తమ యాభరణములలో కూర్చుకొనిరి. నేడు వెండి ధర పెరిగినప్పుడెల్ల ఇవి బజారునకు వచ్చుచున్నవి. నాణెములు సేకరించువారు దెబ్బలేని శుభ్రమైనవానిని ఏరుకొని, షరాబు గుర్తులు పడినవానిని త్రోసివేయుదురు. ఆ త్రోసివేసినవి తూకమునకు పోయి మూసలో కరగుచున్నవి.

ఇదియే నా విచారము. అమెరికా వర్తకుడు తన పేరునంతయు అక్షరములతో కొట్టినాడు. నూరేండ్ల తరువాత ఆ నాణెము దూరదేశమున దొరకినను ఎవనిదో తెలియును. మన షరాబు వట్టి పువ్వును, చుక్కను, నెలవంకను మాత్రము వేసినాడు. పేరు లేని గుర్తునకు ఊరే సాక్షి. వికారాబాదు చుట్టుపట్ల నాలుగు గ్రామములలో దొరకిన పది రూపాయలపై ఒకే ఆరు రేకుల పువ్వు కనబడెననుకొనుడు. ఆ షరాబు పలుకుబడి ఎంతవరకు సాగెనో, ఏ సంతకు ఏ సంతతో లావాదేవీ యుండెనో ఆ పది రూపాయలు చెప్పును. వానిలో నారాయణపేట రూపాయి యొకటి యున్న వ్యాపారపు దారియే తెలియవచ్చును. ఇది రాజుల చరిత్ర కాదు, మీ తాతల చరిత్ర. కాని ఆ రూపాయి ఏ యూరిలో, ఏ యింట నుండెనను ముక్క పోయినచో, అది తిరిగి పేరులేని బిళ్ళయే యగును. నా చేతిలోని రూపాయి గతి యిదియే. కంసాలి పళ్ళెములోనికి అది ఏ గ్రామమునుండి వచ్చెనో అడుగుటకు అప్పటికే ఆలస్యమైపోయెను.

కావున గ్రామపెద్దలకు నా మనవి. నాణెములు కూర్చుటకు ధనము ఖర్చుపెట్టనక్కరలేదు. మీ యింటను, మీ బంధువుల యింటను ఉన్న పాత రూపాయలను ఒకసారి వెలుగులో పెట్టి చూడుడు. గుర్తులున్నవానిని వేరుచేసి, పలుచని కాగితము పైన పరచి సీసపుకడ్డీతో మెల్లగా రుద్దుడు. గుర్తుల అచ్చు కాగితముపై పడును. దాని క్రింద ఊరి పేరు, తూకము, అది మీ యింటికి ఎట్లు వచ్చెనో పెద్దలు చెప్పిన మాట వ్రాసి యుంచుడు. చింతపండుతోగాని బూడిదతోగాని తోమవలదు. ఆ మెరుపు కొరకు గుర్తుల అంచులు అరగిపోవును. పాత సాహుకారు చిట్టాలు, ఆవర్జాలు, క్రయపత్రములు ఇంట నున్నయెడల వానిని పారవేయక ముందు చదివించి చూడుడు. ఏ రూపాయలలో పైకము ముట్టెనో అందు పలుచోట్ల వ్రాసియుందురు.

కొనదలచినవారికి ఒక హెచ్చరిక. ఈ మధ్య వెల రాబట్టుటకు క్రొత్తగా గుర్తులు గుచ్చువారును లేకపోలేదు. నిజమైన పాతగుర్తు అంచులు తక్కిన నాణెముతోపాటు అరిగి మెత్తబడియుండును. గుర్తు పల్లమున పాత నలుపు నిలిచియుండును. గుర్తునకు సరిగా వెనుకప్రక్క లోహము కొంచెము అణగి చదునైయుండును. క్రొత్త పోటు అంచు వాడిగా నుండి, లోపల తెల్లగా మెరయును. భూమిలో నిధి దొరకినప్పుడు దాచుకొనక కలెక్టరునకు తెలుపవలెనని చట్టము విధించుచున్నది. నూరేండ్లు దాటిన పాతవస్తువులను దేశము దాటించుటను 1972 నాటి చట్టము నిషేధించుచున్నది. పట్నము పోయినప్పుడు పబ్లిక్ గార్డెన్సులోని పురావస్తు ప్రదర్శనశాలను, సైఫాబాదు టంకశాలలో 2022 లో తెరచిన నాణెముల ప్రదర్శనశాలను పిల్లలకు చూపించుడు.

చెల్లని రూకకు గీతలు మెండను సామెతతో ఆరంభించితిని. ఆ సామెత సగము నిజము. అనుమానము కలిగిన రూకనే పదిమంది గీచి చూతురు. కాని పదిమంది గీచి చూచిన పిమ్మటను ఈ రూపాయి వెండిగానే నిలిచినది. ఏడుగురు పరీక్షించిరి, ఏడుగురును సరేయనిరి. ఇది నేటి బజారున చెల్లదు. అయినను మరియొకసారి దీనిని ఈ బండపై జారవిడుచుచున్నాను. వినుడు.

సెలవు.